వలస చిట్టి పిట్టల ఫోటోలు: ఓరుగల్లు చుట్టుపక్కల ఏ చోటు, ఏ పద్ధతి, ఏ లెన్సు?

"పిట్టల ఫోటోలు మొదలుపెడదామనుకుంటున్నాను, ఏ లెన్సు కొనాలి?" అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: పిట్టకు ఎన్ని మీటర్ల దగ్గరి దాకా చేరగలరు? కొంగకో నెమలికో ఈ ప్రశ్నతో అంత పని లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన చెరువుల అంచున, అడవుల్లో, జొన్న చేలల్లో తిరిగే వలస పిట్టల సంగతి వేరు. వాటిలో చాలావాటి పొడవు ముక్కు నుంచి తోక దాకా పది, పదిహేను సెంటీమీటర్లే. ఆకుల్లో పురుగులు ఏరుకునే గ్రీనిష్ వార్బ్లర్ ఎనిమిది గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. పైగా ఒక కొమ్మ మీద రెండు క్షణాలు నిలవదు.

చిన్న లెక్క చూడండి. లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను పిట్ట పొడవుతో గుణించి, దూరంతో భాగిస్తే సెన్సార్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద బొమ్మ ఎంత పడుతుందో తెలుస్తుంది. పది సెంటీమీటర్ల పిట్ట 15 మీటర్ల దూరంలో ఉంటే 600 ఎంఎం లెన్సుతో 4 మిల్లీమీటర్ల బొమ్మ పడుతుంది. అదే పిట్ట 6 మీటర్లలో ఉంటే 300 ఎంఎం లెన్సుతోనే 5 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే లక్ష పెట్టి కొన్న పెద్ద లెన్సును, కెమెరాతో పాటు వచ్చిన మామూలు లెన్సు దాటేసింది. పెంచింది ఖర్చు కాదు, తగ్గించింది దూరం. 24 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సార్) కెమెరాలో 5 మిల్లీమీటర్లంటే పిట్ట పొడవునా పన్నెండు వందల పైచిలుకు పిక్సెళ్ళు. గోడకు తగిలించుకునే ఫోటోకు అది చాలు.

కాబట్టి ఏ నెలలో వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి, నడవాలా కూర్చోవాలా, ఏ కెమెరా అన్నవన్నీ నేను ఒకే కొలతతో తేల్చుకుంటాను. ఏది పిట్టకూ నాకూ మధ్య మీటర్లు తగ్గిస్తుందో అదే.

ఫిబ్రవరా, మార్చా?

చలికాలమంతా ఇక్కడే ఉన్న పిట్టలను నవంబర్‌లోనే తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. తీసుకోవచ్చు, కానీ అప్పుడు వాటి బట్టలు మాసి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ముందు కొన్నింటికి కొత్త ఈకలు వస్తాయి, మరికొన్నింటికి ఈకల అంచులు అరిగి కింది రంగు బయటపడుతుంది. డిసెంబర్‌లో బూడిద రంగులో తిరిగిన సిట్రిన్ వాగ్‌టెయిల్ అనే కాటుక పిట్టలో మగదాని తల మార్చికి నిమ్మపండు పసుపుకు మారుతుంది. బ్లూథ్రోట్ గొంతు మీది నీలం చిక్కబడుతుంది. సైబీరియన్ స్టోన్‌చాట్ మగదాని తల నల్లబడుతుంది. బ్లాక్-హెడెడ్ బంటింగ్ పేరులో ఉన్న నల్ల తల కూడా ఈ రోజుల్లోనే తేలుతుంది. టైగా ఫ్లైక్యాచర్ మగపిట్టకు చలికాలంలో గొంతు తెల్లగా ఉంటుంది, ఎర్రబడేది ఇప్పుడే.

మరో లాభం ఉంది. వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పట్టించుకోవాలి కాబట్టి ఇవి వెళ్ళే ముందు గట్టిగా మేస్తాయి. మేతలో పడ్డ పిట్ట మనిషిని కాస్త తక్కువ పట్టించుకుంటుంది.

ఇక ఎండ సంగతి. ఫిబ్రవరి నడుమ మనకు ఆరూ నలభై ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, తొమ్మిదిన్నర దాకా వెలుతురు మెత్తగానే ఉంటుంది. మార్చి నెలాఖరుకు ఆరుంబావుకే పొడుస్తుంది, కానీ ఎనిమిదిన్నర దాటిందంటే నీడలు నల్లబడి పిట్ట కళ్ళు కనిపించవు. చల్లగా, ఎక్కువసేపు తీసుకోవాలంటే ఫిబ్రవరి చివరి వారాలు. రంగులు కావాలంటే మార్చి రెండు, మూడు వారాలు. ఏడాదికి ఒక్క వారమే సెలవు దొరికేవాళ్ళకు నా సలహా హోలీకి అటూ ఇటూ. అప్పటికి మోదుగలు పూసి ఉంటాయి, పిట్టలకు రంగులు దిగి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు. ఏప్రిల్‌కు వాయిదా వేయకండి. ఈ చిట్టి పిట్టల్లో ఎక్కువ భాగం రాత్రిపూట బయల్దేరతాయి. నిన్న సాయంత్రం చూసిన పిట్ట పొద్దుగాల లేకపోవడం అప్పుడు మామూలే.

చెరువు శిఖం, కట్ట

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు అడవి కన్నా చెరువు మేలని నా గట్టి అభిప్రాయం. ఫిబ్రవరి దాటేసరికి నీళ్ళు వెనక్కి తగ్గి శిఖం భూమి బయటపడుతుంది. తడి మట్టి, పురుగులు, కొత్త గడ్డి ఉన్న ఆ అంచు వెంబడే కాటుక పిట్టల జాతులన్నీ మేస్తాయి: తెల్లవి, పసుపువి, సిట్రిన్. జమ్ము, తుంగ పెరిగిన చోట బ్లూథ్రోట్ తోక ఎత్తి పరుగులు తీస్తుంది. లొట్టపీసు పుల్లల కొసల మీద స్టోన్‌చాట్ కూర్చుంటుంది. అది కింద పురుగు పట్టుకుని మళ్ళీ అదే పుల్ల మీదికి వస్తుంది కాబట్టి దానికంటే ఓపికగా కూర్చుంటే చాలు.

శిఖంలో దాక్కోవడానికి ఏమీ ఉండదు కదా అంటారు. దాక్కోనక్కర్లేదు. నిలబడ్డ మనిషిని చూసి యాభై మీటర్ల నుంచే లేచిపోయే కాటుక పిట్ట, నేల మీద కూర్చున్న మనిషి ముందుకు అంచు వెంబడి మేసుకుంటూ దానంతట అదే వస్తుంది. నీటి అంచుకు నాలుగైదు మీటర్ల ఇవతల, సూర్యుడు వీపు వెనక ఉండేటట్టు కూర్చోండి. పడుకోగలిగితే ఇంకా మంచిది. కెమెరా పిట్ట కళ్ళ ఎత్తుకు దిగితే వెనక బ్యాక్‌గ్రౌండ్ వంద మీటర్ల దూరానికి పోయి ఒకే రంగులో కరిగిపోతుంది. చవక లెన్సుతో ఖరీదైన ఫోటో వచ్చేది ఇలాగే. పాత దుప్పటి ఒకటి, మోచేతుల కింద వేసుకోవడానికి ప్లాస్టిక్ సంచి ఒకటి చాలు.

ఊరి చెరువా, పట్నం చెరువా? పిట్టల రకాలు ఊరి చెరువులోనే ఎక్కువ. దగ్గరితనం మాత్రం పట్నం చెరువులో ఎక్కువ. హనుమకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే వందల మంది వాకింగ్ చేస్తుంటారు, అక్కడి పిట్టలకు మనిషి అలవాటే. ఊరి చెరువు పిట్ట ముప్ఫై మీటర్ల దగ్గర లేస్తే, పట్నం పిట్ట పది మీటర్ల దాకా ఆగుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో పాలిథీన్ కవర్లు, మీ చుట్టూ కుక్కలు అదనం. నేర్చుకునే దశలో పట్నం చెరువు, చేయి తిరిగాక ధర్మసాగర్ లాంటి పెద్ద చెరువులు.

కట్టల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ప్రాంతానికి దొరికిన వరం. చెట్టు మీది పిట్టను కింద నుంచి తీస్తే పొట్ట, తోక కింది భాగం, వెనక తెల్లటి ఆకాశం తప్ప ఏమీ రావు. వార్బ్లర్ల ఫోటోలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కాకతీయుల కాలపు చెరువుల కట్టలు చాలా ఎత్తు. కట్ట మీద కూర్చుంటే దిగువన పెరిగిన తుమ్మ, వేప, గానుగ చెట్ల తలలు సరిగ్గా మన కళ్ళ ఎత్తుకు వస్తాయి. పిట్ట ఆకుల పైభాగంలో మేస్తుంటే దాన్ని ఎదురుగా తీయొచ్చు, వెనక పొలాల పచ్చదనం పడుతుంది. ఏ లెన్సూ ఇవ్వలేని లాభం ఇది. కట్ట అంచున నిలబడితే మాత్రం ఆకాశంలో మీ ఆకారం చెట్లన్నిటికీ కనిపిస్తుంది, కాబట్టి ఒక మెట్టు దిగి, ఏదో పొదను ఆనుకుని కూర్చోవాలి. తూము, మత్తడి దగ్గర ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది కనుక ముందు అక్కడ చూడండి.

అడవిలో ఎప్పుడు, ఎక్కడ?

అడవి పిట్టలు కావాలంటే పాకాల, లక్నవరం, తాడ్వాయి, ఏటూరునాగారం మనకు దగ్గర. మార్చికి టేకు ఆకు రాలిపోయి ఉంటుంది. దీనివల్ల రెండు మార్పులు: లోపలికి వెలుతురు బాగా దిగుతుంది, పచ్చదనం వాగులు, ఒర్రెల వెంబడే మిగులుతుంది. పురుగులు అక్కడే, పిట్టలూ అక్కడే. అడవంతా తిరగాల్సిన పని లేదు, నీళ్ళు మిగిలిన ఒక ఒర్రె మడుగు దొరికితే ఆ పూటకు చాలు. ఎనిమిది, పది గంటల మధ్య తాగడానికీ స్నానానికీ ఒకదాని వెనక ఒకటి దిగుతాయి.

అడవిలో మొదట ప్రయత్నించాల్సింది ఫ్లైక్యాచర్లను. వార్బ్లర్ ఆకుల్లో ఎటు పోతుందో చెప్పలేం. ఫ్లైక్యాచర్ ఒక కొమ్మ నుంచి ఎగిరి, పురుగు పట్టి, అదే కొమ్మకో పక్క కొమ్మకో వస్తుంది. కొమ్మ మీద ముందే ఫోకస్ పెట్టుకుని ఎదురుచూడొచ్చు. టైగా ఫ్లైక్యాచర్, రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ నేలకు దగ్గరగా, నీడలో తిరుగుతాయి, పొడిగా 'ట్ర్‌ర్ర్' అని చప్పుడు చేస్తూ ఉనికి చెబుతాయి. ఈ రెంటినీ వేరు చేయాలంటే గొంతు ఫోటో ఒక్కటే చాలదు. గొంతు ఎరుపు చుట్టూ బూడిద రంగు అంచు ఉందా, తోక మొదట్లోని ఈకలు తోక కంటే నల్లగా ఉన్నాయా అని చూడాలి, రెండూ ఉంటే టైగా. అందుకే ఎదురు ఫోటో దొరికాక వెనక నుంచి కూడా ఒకటి తీసిపెట్టుకోండి, అందంగా లేకపోయినా సరే. వెర్డిటర్ ఫ్లైక్యాచర్‌ది వేరే పద్ధతి. మైలతుత్తం రంగులో మెరుస్తూ చెట్టు కొసన, ఎండిన కొమ్మ మీద కూర్చుంటుంది. ఎత్తు ఎక్కువ కాబట్టి పొడవు లెన్సుకు పని పెట్టేది ఇదే.

లక్నవరంలో వేలాడే వంతెన కోసం వచ్చే జనం ఆదివారం పొద్దెక్కేసరికి నిండిపోతారు. మామూలు రోజుల్లో, తెల్లవారకముందే చేరగలిగితేనే అటు వెళ్ళండి. తాడ్వాయి, మేడారం దారి అడవి చక్కనిదే కానీ సమ్మక్క సారలమ్మ జాతర జరిగే ఏడాది పద్ధతి మారుతుంది. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి ప్రాంతంలో వస్తుంది, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. జాతర ముందూ వెనకా ఆ దారిలో బండ్ల చప్పుడు, దుమ్ము తప్పవు, ఆ ఏడాది అటు అమ్మవారి దర్శనానికి మాత్రమే వెళ్ళండి. నేను ఒక్కటే ఎంచుకోవాలంటే పాకాల. 13వ శతాబ్దంలో గణపతిదేవుడి ఏలుబడిలో కట్టిన ఈ చెరువుకు కట్టా ఉంది, పక్కనే అడవీ ఉంది. నర్సంపేట దాటి కాసేపట్లో చేరతారు. పొద్దున్న కట్ట మీద, ఎండెక్కాక చెట్ల నీడలో అని ఒక పూటను రెండుగా వాడుకోవచ్చు.

కవ్వాల్ పులుల అభయారణ్యంలోని సఫారీ గురించి అడుగుతుంటారు. జన్నారం వైపు అడవి అద్భుతమే, కానీ చిట్టి పిట్టల ఫోటోలకు సఫారీ జీపు పనికిరాదు. జీపులో ఉన్న అందరూ పులి కోసం చూస్తుంటారు, మీరు పది గ్రాముల పిట్ట కోసం బండి ఆపమంటే ఎవరికీ నచ్చదు. ఆపినా ఇంజన్ అదురుకు ఫోటో కదిలిపోతుంది.

అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతించిన దారులు దాటకండి. ఎండుటాకుల కాలం కనుక సిగరెట్, అగ్గిపెట్టె బండిలోనే వదిలేయండి.

మోదుగా, బూరుగా?

పూసిన చెట్టు కింద కాపు వేయడం అన్నిటికంటే సులువు. మోదుగ, బూరుగ రెండూ ఆకు లేకుండా పూస్తాయి, పిట్ట దాక్కోలేదు. తేనె కోసం గులాబీ గోరింకలు గుంపులుగా వాలతాయి. మధ్య ఆసియా నుంచి వచ్చిన ఈ గోరింకలు ఏప్రిల్‌లో వెళ్ళిపోయేలోపు నల్ల తల, గులాబీ ఒంటితో నిగనిగలాడుతుంటాయి. పూల మీది పురుగుల కోసం వార్బ్లర్లూ వస్తాయి.

రెంటిలో బూరుగకు పిట్టలు ఎక్కువ వస్తాయి, మోదుగకు ఫోటోలు ఎక్కువ వస్తాయి. బూరుగ ఇరవై మీటర్లు పెరిగే చెట్టు. కింద నుంచి మెడ నొప్పి తప్ప ఏం దక్కదు, పక్కన ఏదైనా గుట్టో మేడో ఉంటే తప్ప. మోదుగ పొట్టిది, వంకర్లు తిరిగి పూలు కొన్ని మనిషి ఎత్తులోనే ఉంటాయి. మోదుగ దొరికితే బూరుగను వదిలేయండి. చెలకల గట్ల మీద ఒంటిగా ఉన్న చెట్టును ఎంచుకోండి. గుంపుగా ఉన్న మోదుగల్లో పిట్ట ఏ చెట్టుకు పోతుందో చూసేలోపు పూట గడిచిపోతుంది.

జొన్న చేలు

బంటింగులు (గింజలు తినే పిచ్చుక లాంటి పిట్టలు) కావాలంటే వరంగల్ పత్తి, మిరప చేలు పెద్దగా ఉపయోగపడవు, ఆదిలాబాద్, నిర్మల్ వైపు యాసంగి జొన్న వేసిన ఊళ్ళకు వెళ్ళాలి. కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి బ్లాక్-హెడెడ్ బంటింగులు, రెడ్-హెడెడ్ బంటింగులు, కామన్ రోజ్‌ఫించ్‌లు గుంపులుగా దిగుతాయి. మనకు ముచ్చటైన పిట్ట రైతుకు దొంగ. ఆయన మంచె మీద నుంచి కేకలు వేస్తుంటే మీరు గట్టు మీద కూర్చుని ఆ పిట్టలను పొగడడం బాగుండదు. ముందు పలకరించి, అడిగి, చేను తొక్కకుండా కూర్చోండి. గుంపు ఏ మూల దిగుతుందో, తరిమితే ఏ తుమ్మ మీద వాలుతుందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ తుమ్మకు ఎనిమిది మీటర్ల దూరంలో కూర్చుంటే మిగతా పని రైతు కేకలే చేసిపెడతాయి.

ఎక్కడికీ వెళ్ళలేకపోతే

ఇంటి దగ్గర వేపచెట్టు ఉన్నా చాలు. గ్రీనిష్ వార్బ్లర్ చలికాలమంతా కొన్ని చెట్లను తనవిగా ఏలుతుంది, పక్క వార్బ్లర్‌ను రానివ్వదు. ఈరోజు 'చిస్‌-లీ' అని రెండు ముక్కలుగా వినిపించిన గొంతు రేపు కూడా అదే చెట్టు మీద వినిపిస్తుంది. ఏ కొమ్మకు ఏ వేళ వస్తుందో నాలుగు రోజులు చూస్తే తెలిసిపోతుంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో, ప్రభుత్వ క్వార్టర్లలో ఉండేవాళ్ళకు ఇదొక అదృష్టం. ఆ చెట్టు కింది పొదల్లో 'చక్ చక్' అని గొణిగే గోధుమరంగు పిట్ట బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ కావచ్చు. దాని రెక్క మీద గీత ఉండదు, గ్రీనిష్‌కు సన్నటి లేత గీత ఒకటి ఉంటుంది. పది, పన్నెండు గ్రాముల ఈ బ్లిత్స్ పిట్టల్లో కొన్ని ఫిన్లాండ్ దాకా పోయి గూడు పెడతాయి. డాబా మీద మట్టి మూకుడులో నీళ్ళు పెట్టి, పక్కన ఒక ఎండు కొమ్మ కట్టండి. నీళ్ళు రోజూ మార్చాలి.

నడక, కాపు, బండి

నడుస్తూ తీయాలనుకునేవాళ్ళు ఎక్కువ పిట్టలను చూస్తారు, తక్కువ ఫోటోలు తెస్తారు. కొత్త చోటికి వెళ్ళినప్పుడు మొదటి గంట నడక మంచిదే, ఎక్కడ ఏముందో తెలియాలి కదా. ఆ తర్వాత ఒక చోట కూర్చోవాలి. ముప్పావు గంట కదలకుండా కూర్చుంటే పిట్టలు మిమ్మల్ని లెక్కలోంచి తీసేస్తాయి. నర్సరీలకు వాడే గ్రీన్ నెట్ రెండు మీటర్లు కొని పైన కప్పుకుంటే సరిపోతుంది, వేలకు వేలు పోసి మిలిటరీ బట్టలు కొనక్కర్లేదు. తెల్ల చొక్కా మాత్రం వద్దు.

కారు ఉంటే అదే గుడారం. పిట్టలు మనిషి ఆకారానికి భయపడినంతగా ఆగి ఉన్న బండికి భయపడవు. పాత ప్యాంటు కాలు కోసి కుట్టి, మక్కజొన్నలు నింపి కిటికీ మీద వేసుకుంటే లెన్సుకు మెత్తటి ఆధారం. ఇంజన్ ఆపేయాలి, తలుపు తీయకూడదు. కారు లేదంటే బైకు కన్నా ఆటో మాట్లాడుకోవడం మేలు. రెండు వైపులా తెరిచి ఉంటుంది, ఎత్తు తక్కువ, పక్క పరదా దించితే చాటు. డ్రైవర్ అన్నకు ముందే విషయం చెప్పాలి, లేకపోతే పది నిమిషాలకోసారి "పోదామా సార్?" అంటాడు.

ఇప్పుడు లెన్సు

ఇప్పటికే 55-250 ఎంఎం కానీ 70-300 ఎంఎం కానీ లెన్సు ఉంటే, ఈ సీజన్‌కు కొత్తది కొనకండి. పైన చెప్పినట్టు శిఖంలో, మోదుగ దగ్గర, మడుగు దగ్గర కూర్చుంటే అదే పని చేస్తుంది. ఎక్కడ తక్కువ పడుతుందో మీకే తెలుస్తుంది, అప్పుడు కొనేది సరైనది కొంటారు.

కొనదలిస్తే అసలు పోటీ రెండు రకాల మధ్య: తేలికపాటి 100-400లు, బరువైన 150-600లు. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 ముప్పావు కిలో కూడా ఉండదు. జూమ్ కొసన ఎఫ్ 8 మాత్రమే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది), కాబట్టి నీడలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరుగుతుంది. సిగ్మా, టామ్రాన్ 150-600లు, సోనీ 200-600 రెండు కిలోల చుట్టుపక్కల. కొసన ఎఫ్ 6.3. కాగితం మీద 600దే గెలుపు. చేతిలోకి వచ్చేసరికి కథ మారుతుంది. వార్బ్లర్ కనిపించి మాయమయ్యే రెండు సెకన్లలో లెన్సు ఎత్తి, పిట్టను వెతికి, ఫోకస్ పట్టాలి. రెండు కిలోలు అరగంట మోసిన చేయి ఆ పని చురుగ్గా చేయదు. పైగా 600లో కనిపించే చోటు చాలా ఇరుకు, ఆకుల మధ్య పిట్టను వెతికేసరికి అది పోతుంది. అందుకని అడవి నడకకు, చెట్ల మీది వార్బ్లర్లకు 100-400. శిఖంలో కాపుకు, కారు కిటికీకి, జొన్న చేలకు, వెర్డిటర్ లాంటి ఎత్తు పిట్టలకు 150-600. ఒక్కటే కొనగలిగి, కారు లేకుండా బైకు మీద తిరిగేవాళ్ళైతే నా ఓటు తేలికదానికే. పది లక్షలు దాటే 600 ఎఫ్ 4 గురించి ఇక్కడ మాట్లాడుకోవడం దండగ.

నికాన్ పీ950 లాంటి సూపర్‌జూమ్ కెమెరాలు మూడో దారి. 2000 ఎంఎంకు సమానమైన జూమ్, బరువు కిలో. చూడగానే ఇదే కావాలనిపిస్తుంది. లోపల సెన్సార్ చిన్నది, కాబట్టి మంచి వెలుతురు ఉన్నంతసేపే మంచి ఫోటో. ఆకుల సందుల్లో ఫోకస్ తడబడుతుంది. బయట కూర్చునే స్టోన్‌చాట్, కాటుక పిట్టలు, ఖిలా వరంగల్ లాంటి రాళ్ళ చోట్ల వెతకాల్సిన బ్లాక్ రెడ్‌స్టార్ట్‌లకు బాగుంటుంది. గుర్తింపు కోసం, రికార్డు కోసం తీసేవాళ్ళకు ఇది చాలు. వార్బ్లర్ల మీద మనసున్నవాళ్ళు దీన్ని కొంటే ఏడాది తిరక్కుండా అమ్ముకుంటారు.

ఎంత జూమ్ ఉన్నా తొమ్మిది దాటాక శిఖం మీద వేడి గాలి లేస్తుంది. ముప్ఫై మీటర్ల అవతలి పిట్ట నీళ్ళలో ఉన్నట్టు అలలాడుతుంది, ఈక ఒక్కటీ తేలదు. ఫోకస్ తప్పిందని, లెన్సు పాడైందని టెన్షన్ పడకండి. దాన్ని ఏ లెన్సూ సరిచేయదు, దగ్గరికి జరగడమో ఇంటికి పోవడమో తప్ప దారి లేదు.

సెట్టింగులు పెద్ద రహస్యమేం కాదు. వార్బ్లర్లకు షటర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు, కొమ్మ మీద నిలకడగా ఉన్న ఫ్లైక్యాచర్‌కు నాలుగు వందలో వంతు చాలు. ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి, 3200 దాకా భయం లేదు. వెనక ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (రెట్టింపు వెలుతురు) పెంచాలి, పసుపు తల సిట్రిన్‌కు ఎండలో కొంచెం తగ్గించాలి, లేకపోతే పసుపంతా ఒకే ముద్దగా వస్తుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు పిట్ట కన్నును వాటంతటవే పట్టుకుంటాయి, కానీ ముళ్ళ పొదల్లో పుల్లను పట్టుకుంటాయి. అక్కడ ఒకే ఫోకస్ పాయింట్‌కు మారండి. ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచొచ్చు.

ఫోన్‌లో పిట్ట పాట వినిపించి రప్పించడం అనే దగ్గరి దారి ఒకటుంది. దూరం తగ్గించేదే కదా అంటే, తగ్గిస్తుంది. కానీ ప్రయాణానికి కొవ్వు దాచుకుంటున్న పిట్ట మేత మానేసి లేని శత్రువు కోసం వెతుకుతూ ఒంట్లో శక్తి ఖర్చు చేసుకుంటుంది. పాట విని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఫోన్ వాడండి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని.

లెన్సు కొన్నాక ఇంకొంత డబ్బు మిగిలితే టెలీకన్వర్టరా, బైనాక్యులరా అని చివరి ప్రశ్న. లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే 1.4 టెలీకన్వర్టర్ 600ను 840 చేస్తుంది, ఎఫ్ 6.3ను ఎఫ్ 9 చేస్తుంది, ఫోకస్‌ను నెమ్మది చేస్తుంది. 8x42 బైనాక్యులర్ ఉంటే పిట్ట ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకు తిరుగుతోందో దూరం నుంచే చూసి, దాని దారిలో ముందే వెళ్ళి కూర్చోవచ్చు. బైనాక్యులరే కొనండి.